కపాలంలో పిట్ట

అసురసంధ్య...!

పగలు పూర్తిగా చావని, రాత్రి పూర్తిగా పుట్టని ఘడియ అది. పడమటి దిక్కున కారుమేఘాలు ఒకదాని మీదికి ఒకటి ఎగబాకి, గాయం మీద గడ్డకట్టిన నెత్తురులా నల్లబడుతున్నాయి. ఉండుండి ఆకాశగర్భంలోంచి ఒక భీకర గర్జన... ఆ గర్జనకి ఆస్పత్రి మూడో అంతస్తు కిటికీ అద్దాలు గజగజ వణుకుతున్నాయి. ఎక్కడినుంచి వచ్చిందో, ఎదుటి మేడ నీళ్ళ ట్యాంకు మీద వాలిన గుడ్లగూబ ఒకటి, వెలుతురు ఇంకా ఉండగానే కూయడం మొదలుపెట్టింది!

ఆ కిటికీ వెనక చిన్న గదిలో, వాలుకుర్చీలో ఒక అమ్మాయి కళ్ళు మూసుకుని పడుకుని ఉంది. ఆమె తలనిండా తీగలు... ఇరవై ఒక్క తీగలు! ఒక్కొక్క తీగ ఒక చివర తెల్లటి పేస్టుతో నెత్తికి అతుక్కుని, రెండో చివర ఈఈజీ యంత్రంలోకి పాకుతోంది. మెదడులో పుట్టే తరంగాలను గీతలుగా మార్చి తెరమీద చూపించే యంత్రం అది.

ఆ తీగలు అతికించింది అమ్మాయి అక్కే. పదహారేళ్ళుగా ఆమె ఉద్యోగం అదే. ముక్కు మొదలునుంచి తల వెనక బుడిపె దాకా టేపుతో కొలవడం, ఎర్ర పెన్సిలుతో గుర్తులు పెట్టడం, జుట్టు పాయలు విడదీసి తీగలు అతికించడం. వేల తలలు ఆమె వేళ్ళ కిందనుంచి వెళ్ళాయి. ఏనాడూ చెయ్యి వణకలేదు. ఇవాళ ఎడమ కణత మీద గుర్తుని మూడుసార్లు చెరిపి మళ్ళీ పెట్టింది.

తెర ముందు కూర్చున్న డాక్టరు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"ఏమీ లేదమ్మా. గీతలు అచ్చు గుద్దినట్టున్నాయి. స్కానింగు బాగుంది, రక్తం బాగుంది. నిజం చెప్పాలంటే మీ చెల్లెలి మెదడు నా మెదడు కంటే బాగుంది."

"డాక్టరుగారూ... ఇది మా పిట్ట కాదండీ."

"అదేం మాట! పేరు చెప్పింది, తేదీ చెప్పింది. వందలోంచి ఏడేసి తీసుకుంటూ పొమ్మంటే గుక్క తిప్పుకోకుండా చివరిదాకా చెప్పింది."

"అన్నీ చెబుతుందండీ. నా భయమే అది!" అక్క చెయ్యి ముందుకు చాపింది. "మొన్న తలుపు సందులో పడి నా వేలు నలిగింది. గావుకేక పెట్టాను. పక్కనే నిలబడి చూసింది. 'ఎముక విరగలేదు, గోరు మాత్రం ఊడుతుంది' అంది. అని వెళ్ళి కూర్చుంది. నాకు ముల్లు గుచ్చుకుంటే నాకంటే ముందు ఏడ్చే పిల్లండీ అది!"

డాక్టరు మంచివాడే. కానీ తెరమీద లేనిదాన్ని చూడటం అతనికి ఎవరూ నేర్పలేదు. "దిగులు కావచ్చు. మానసిక వైద్యుడికి చీటీ రాసిస్తాను" అని, వార్డునుంచి పిలుపు రావడంతో గబగబా వెళ్ళిపోయాడు.

ఫెళఫెళమని పిడుగు! గదిలో దీపం ఆరిపోయింది. బ్యాటరీ మీద నడిచే తెర ఒక్కటే నీలంగా వెలుగుతోంది. ఆ నీలి వెలుగులో... చెల్లెలి కళ్ళు మెల్లగా తెరుచుకున్నాయి.

"ఎడమ కణత మీద తీగ రెండు మిల్లీమీటర్లు కిందికి పెట్టావమ్మాయ్... చెయ్యి వణికిందా?... ట్చ్."

గొంతు పిట్టదే. కానీ ఆ నింపాదితనం, మాట చివర నాలుక అంగిలికి కొట్టి చేసే ఆ చప్పుడు... ఆ చప్పుడు అక్క ఇదే గదిలో, ఇదే కుర్చీలోంచి ఒకసారి విన్నది!

"సార్... మీరా?" అంది, తనకే వినపడనంత మెల్లగా.

"నీ యంత్రాన్నే అడుగు, చెబుతుందేమో!" కుర్చీలోని అమ్మాయి పకపకా నవ్వింది. తెరమీద గీతలు చెక్కుచెదరలేదు. నిమ్మళంగా, అందంగా సాగిపోతూనే ఉన్నాయి. "మెదడు ఈ పిల్లదే. తరంగాలూ ఈ పిల్లవే. ఇవాళ పదకొండో సంధ్య. అప్పుడప్పుడు తొంగి చూసిపోతున్నాను. రేపు వచ్చేస్తాను... ఇంక పోను!"

దీపం వచ్చింది. అమ్మాయి ముఖం కడిగిన పలకలా ఖాళీ అయిపోయింది. "పరీక్ష అయిందా? జుట్టు కడుక్కోవాలి" అంది, ఏ రాగమూ లేని గొంతుతో.

పిట్ట అసలు పేరు కాదు. నోటికి మూత పడదని తల్లి పెట్టుకున్న ముద్దుపేరు. తల్లి పోయేనాటికి పిట్టకి ఆరేళ్ళు, అక్కకి ఇరవై రెండు. అప్పటినుంచి అక్కే అమ్మ, అక్కే నాన్న. జడలు వేసింది, చదివించింది, జ్వరాలకి రాత్రుళ్ళు కాపలా కాసింది. పెళ్ళి మాట ఎత్తినవాళ్ళని గుమ్మంలోంచే సాగనంపింది. అద్దెకున్న రెండు గదుల్లోనూ పొద్దున లేస్తే పిట్ట మాటలే. పాలవాడి మీద ఫిర్యాదులు, కలలో వచ్చిన రైలు, పక్కింటావిడ దగ్గు అనుకరణ... అక్క విసుక్కుంటూనే వినేది. పదకొండు రోజులుగా ఆ ఇంట్లో గడియారం చప్పుడు వినబడుతోంది.

మూడు నెలల కిందట ఒక ప్రొఫెసరు తల పరీక్షకి వచ్చాడు. నలభై ఏళ్ళు వైద్య కళాశాలలో శవాలు కోసి పాఠాలు చెప్పిన మనిషి. ఇప్పుడు మెదడు ఎండిపోతోంది. ఒక్కొక్క మాటే జారిపోతోంది. కళ్ళజోడు అనే మాట గుర్తురాక, దాన్ని చేత్తో పట్టుకునే "ఇది... ఇది..." అంటూ ఉక్రోషంతో కుర్చీ చేతిని గుద్దాడు. పండిన మనిషి పసివాడిలా అయిపోయాడని అక్కకి జాలేసింది.

తీగలు అతికిస్తుంటే అడిగాడు.

"అమ్మాయ్, నీ యంత్రంలో మనసు కనిపిస్తుందా?"

"మెదడు కనిపిస్తుంది సార్. మనసు ఎవరికి కనిపిస్తుంది!"

అతను కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వాడు. "మూడువేల మెదళ్ళు కోశాను. పొరలు పొరలుగా కోశాను. మనసు అందులో పుట్టేదే అయితే ఎక్కడో ఒకచోట నా కత్తికి తగలాలి కదా! తగల్లేదు. అంటే అది అక్కడ కాపురం ఉంటోంది, అంతే. కాపురం ఉండేదాన్ని ఖాళీ చేయించొచ్చు... ట్చ్."

చాదస్తం అనుకుంది అక్క. వెళ్ళేముందు అతను, తను చెబుతుంటే రాసిపెట్టే మనిషి కావాలన్నాడు. పుస్తకమట. చేతిరాత గుండ్రంగా ఉండాలట.

"మా చెల్లెలుంది సార్" అంది అక్క. తన నోటితో... తనే! ఆ వారంలోనే పిట్ట అతని ఇంటికి రాతపనికి వెళ్ళడం మొదలుపెట్టింది.

పిట్ట తల పరీక్ష అయిన మర్నాడు అక్క సెలవు పెట్టింది. పొద్దున్నే పోలీసు స్టేషన్‌కి వెళ్ళింది. అక్కడున్న అతను ఓపిగ్గానే విన్నాడు. "అమ్మాయి ఇంట్లోనే ఉందా? ఆరోగ్యంగా ఉందా? మేజరేనా? మరి ఏమని రాసుకోమంటారు?" అన్నాడు. ఏమని రాసుకోమంటుంది! మా చెల్లెల్లోంచి మా చెల్లెల్ని దొంగిలిస్తున్నారని రాసుకుంటారా?

ఇంటికి వచ్చేసరికి పిట్ట గోడవైపు తిరిగి కూర్చుని ఉంది. రెప్పలు పడుతున్నాయి, ఊపిరి ఆడుతోంది. అన్నం పెడితే తింది, గిన్నె కడిగి బోర్లించింది. "పిట్టా!" అని పిలిచింది అక్క. అటునుంచి ఏ కదలికా లేదు. అసలు పేరుతో పిలిస్తే మాత్రం "చెప్పు" అంది. అక్కకి ఏడుపు ముంచుకొచ్చింది. ఆ ముద్దుపేరుకి పలికేది ఏదో ఆ తలలో ఇప్పుడు లేదు!

చెల్లెలి సంచీ గుమ్మరించింది. నోటు పుస్తకాలు... పన్నెండు. అన్నింటిలోనూ ముత్యాల్లాంటి పిట్ట అక్షరాలు. కానీ ఆ మాటలు మాత్రం ఆ కిరాతకుడు ప్రొఫెసరువి!

'మెదడు గృహము, మనస్సు అందు వసించు ప్రాణి. గృహము శిథిలమగుచున్నపుడు ప్రాణి వేరొక గృహమునకు తరలవచ్చును. అయితే అందు ముందున్నదానిని పన్నెండు సంధ్యలలో వెడలగొట్టవలెను. ప్రథమ సంధ్యకు నవ్వు, ద్వితీయమునకు సిగ్గు, తృతీయమునకు జాలి... ద్వాదశ సంధ్యకు తన్ను తాను "నేను" అనుకొను ఎరుక. వెడలినదానిని కపాలమున బంధించి ఛాయ అను క్షుద్రదేవతకు అర్పింపవలెను. ఛాయ వచ్చునప్పటికి కపాలము రిక్తమైయున్నచో, ఆమె తన్ను పిలిచినవానినే గ్రహించును.'

పేజీల అంచుల్లో, చీమల్లాంటి చిన్న అక్షరాలతో, పిట్ట సొంత మాటలు ఉన్నాయి.

'ఈయన చెప్పేది వింటే భలే నవ్వొచ్చేలా ఉంది. ఇంటికొచ్చాక గుర్తొచ్చింది. నేను నవ్వలేదు.'

'అక్కకి చెబుదామని నోరు తెరిస్తే ఈయన పాఠమే బయటికొస్తోంది.'

'వెనక గదిలో ఉన్నాను. చీకటి. కానీ ఇంట్లో కూడా ఉన్నాను, అన్నం తింటున్నాను. ఎలా??'

చివరి పుస్తకంలో రాత వంకరటింకరగా పోయింది. 'అక్కా రాకు. నిన్ను కూడా...' ఆ తర్వాత గీత పేజీ బయటికి జారిపోయింది.

అక్క పిచ్చిదానిలా పుస్తకాలన్నీ తిరగేసింది. ఎక్కడో ఒకచోట విరుగుడు ఉండాలి! ఎనిమిదో పుస్తకం నడుమ దొరికింది.

'బంధింపబడిన మనస్సు తన్ను పిలుచువారి మనస్సులోనికి దాటగలదు. అయితే చోటొసగువారు తమలో ఒక్క గది తలుపైనను మూసి ఉంచరాదు. మూసినచో ఇరువురును నశింతురు. తలుపులన్నియు తెరవగల మనుష్యుడు భూమిపై లేడు. కావున సాధకుడు భయపడనక్కరలేదు.'

మూడుసార్లు చదివింది. నాలుగోసారి చదవబోతుంటే ఆమె మనసులో ఒక మూల, పదహారేళ్ళుగా తాళం వేసి ఉన్న గది ఒకటి గుర్తొచ్చింది. పుస్తకం టప్పున మూసేసింది.

పన్నెండో సంధ్య...!

పొద్దు వాలుతూనే ఈదురుగాలి విరుచుకుపడింది. పిట్ట కుర్చీలోంచి లేచి చెప్పులు వేసుకుంది. అక్క తలుపుకి గడియ పెట్టి అడ్డంగా నిలబడింది. "చంపినా వెళ్ళనివ్వను!" పిట్ట ఒంటిచేత్తో, తెర పక్కకి జరిపినంత సులువుగా అక్కని తోసేసింది. గోడకి కొట్టుకుని అక్క కళ్ళు బైర్లు కమ్మాయి. తేరుకునేసరికి తలుపు బార్లా తెరిచి ఉంది.

వీధిలో పరుగెత్తింది. దర్జీ షట్టరు దించుతున్నాడు. బస్సు ఒకటి బురద చిమ్ముకుంటూ పోయింది. వానలో తడుస్తూ ముందు ఒక ఆడపిల్ల, వెనక రొప్పుతూ ఒక నడివయసు మనిషి... చూసినవాళ్ళు ఇంట్లో ఏదో గొడవ అనుకుని ఉంటారు. నాలుగు వీధుల అవతల, కిటికీలన్నీ మూసిన ప్రొఫెసరు పాత మేడలోకి పిట్ట వెళ్ళిపోయింది.

అక్క తలుపు బాదింది. తీసింది ప్రొఫెసరు భార్య. ఇస్త్రీ చీర, చక్కగా దువ్విన తెల్లజుట్టు. కళ్ళు మాత్రం బొమ్మకి రాసిన కళ్ళలా ఉన్నాయి.

"ఆయన వెనక గదిలో ఉన్నారు. కాళ్ళు తుడుచుకుని రండి."

"అమ్మా! మీవారు లోపల ఏం చేస్తున్నారో మీకు తెలుసా?"

"తెలుసు. ముందు నాతోనే చేసి చూశారు. నాలుగేళ్ళయింది." ఆవిడ గొంతులో బాధ లేదు, కోపం లేదు. "టీ తాగుతారా?"

అక్క ఆవిడని తప్పించుకుని వెనక గదిలోకి దూకింది.

ఆ గది...! గోడల పొడుగునా అరలు. అరల నిండా గాజు సీసాలు. ప్రతి సీసాలో పసుపుపచ్చని నీళ్ళలో తేలుతున్న ఒక మానవ మెదడు! నడుమ ఇనపబల్ల. బల్లమీద ఒంటి దీపం. దానిముందు ఎర్రదారంతో చుట్టచుట్టి బిగించిన ఒక కపాలం. దానికి అటు చక్రాల కుర్చీలో ప్రొఫెసరు, ఇటు చెక్కబొమ్మలా పిట్ట. ఆ కపాలం లోపలినుంచి టపటపా టపటపా ఒక చప్పుడు... గదిలోకి పొరపాటున వచ్చిన పక్షి కిటికీ అద్దానికి రెక్కలు కొట్టుకుంటున్న చప్పుడు!

ముసలివాడు బీజాక్షరాలు చదువుతున్నాడు. మధ్యలో గొంతు ఆగిపోయింది. మెదడు మొరాయించింది! నోరు తెరుచుకుని, ముఖం కందగడ్డలా చేసుకుని వెతుక్కుంటున్నాడు. ఆ జారిపోయిన అక్షరాన్ని ఎదురుగా కూర్చున్న పిట్ట నోరు తడుముకోకుండా అందించింది! అతను కిచకిచా నవ్వి ముందుకు సాగాడు.

"ఆపు! ఆపరా దుర్మార్గుడా!"

"రా అమ్మాయ్. నీకోసమే చూస్తున్నాను. ఇదంతా నీ చలవే కదా! నువ్వేగా పంపావు... ట్చ్." అతను వేలు చూపించాడు. అక్క మోకాళ్ళ కింద కాళ్ళు చచ్చుబడిపోయాయి. దభీమని పడింది. "చూస్తూ ఉండు. మీ చెల్లెలు నీ దగ్గరే ఉంటుంది. నీతో తింటుంది, పడుకుంటుంది. నీకు తేడా తెలుస్తుందేమో గానీ, ఆ డాక్టరు చచ్చినా కనిపెట్టలేడు!"

అక్క మోచేతుల మీద పాకింది. గోళ్ళు నేలని గీరుతున్నాయి. బయట పిడుగుల మీద పిడుగులు! బల్లకాలు పట్టుకుని పైకి లేచి, రెండు చేతులా కపాలాన్ని పట్టుకుంది. నిప్పు! అరచేతులు చుర్రుమన్నాయి. వదల్లేదు.

"పిట్టా! నేనే! నాలోకి రావే! వచ్చెయ్యి!"

టపటపా... చప్పుడు దగ్గరికి వచ్చింది. వచ్చి, ఆగి, వెనక్కి పోయింది.

"రాదు!" ముసలివాడు గొల్లున నవ్వాడు. "నీలో గది మూసి ఉంది. నాకు ఇక్కడికే కనబడుతోంది. అందరికీ ఉంటుంది అమ్మాయ్, ఒక గది!"

అతని పెదవులమీద ఆఖరి అక్షరాలు నలుగుతున్నాయి. ఇంకెంతో సేపు లేదు. అక్క కళ్ళు గట్టిగా మూసుకుంది. ఆ తాళం మీద చెయ్యి వేసింది...

పిట్టకి ఎనిమిదేళ్ళప్పటి మధ్యాహ్నం. ఒళ్ళు పెనంలా కాలిపోతున్న జ్వరం. ఆ పొద్దునే, అక్కని ఇష్టపడిన మనిషి, ఇంకొకరి పిల్లని పెంచడం తనవల్ల కాదని చెప్పి వెళ్ళిపోయాడు. లోపల్నుంచి "అక్కా... అక్కా..." అని మూలుగు. మందు గ్లాసు చేత్తో పట్టుకుని వంటింటి గుమ్మంలో నిలబడింది అక్క. అడుగు ముందుకు వెయ్యలేదు. ఇది లేకపోతే... ఇది లేకపోతే నేను... అనుకుంటూ నిలబడింది. పది నిమిషాలా? అరగంటా? లోపలి మూలుగు సన్నబడి, ఆగిపోయేదాకా! అప్పుడు పరుగెత్తింది. పిల్ల పళ్ళు బిగుసుకుని ఉన్నాయి. చెంచాతో విడదీసి పోసింది. బతికింది. అక్క ఎవరికీ చెప్పలేదు. తనకి తనే చెప్పుకోలేదు.

"చూడవే!" అని అరిచింది అక్క, గుండె చీలిపోయేలా. "ఇదీ నేనే! చూసి కూడా రావాలనిపిస్తే... రా!"

ఒక్క క్షణం... నిశ్శబ్దం.

తర్వాత రివ్వున ఏదో ఆమె చేతులగుండా పైకి దూసుకొచ్చింది!

వచ్చింది పిట్టే. సందేహం లేదు. కానీ పిట్ట తనలో ఉన్నవన్నీ తీసుకుని వచ్చింది. జడ వేస్తుంటే అక్క వేళ్ళనుంచి వచ్చే పేస్టు వాసనంటే ఏళ్ళ తరబడి ఉన్న వెగటు. ఎక్కడికెళ్ళావు, ఎవరితో మాట్లాడావు అని అడిగినప్పుడల్లా లోలోపల పెట్టిన మూగ కేకలు. వేరే ఊళ్ళో ఒక గది చూసుకుని, డబ్బు కూడబెట్టుకుని, చెప్పకుండా వెళ్ళిపోదామనే ఆ రాతపని ఒప్పుకోవడం... అక్క తల పగిలిపోతోంది. తలుపు మూసెయ్యి, మూసెయ్యి అని తనలో ప్రతి నరమూ అరిచింది. ఇన్నేళ్ళూ దీనికోసమేనా నేను...! పళ్ళు కొరికి, ఆ తలుపుని తెరిచే పట్టుకుంది. ఒకరి గుట్టు ఒకరి ముందు పరిచి ఉండగా, అక్కచెల్లెళ్ళిద్దరూ ఒకే ఊపిరిలో వణికిపోయారు.

ఆ క్షణంలోనే ముసలివాడి నోట ఆఖరి అక్షరం వెలువడింది!

దీపం ఆరలేదు. కానీ గదిలో నీడలన్నీ కదిలాయి. సీసాల నీడలు, బల్ల నీడ, కుర్చీ నీడ... తమ వస్తువుల్ని విడిచిపెట్టి, నేలమీద నల్లని నీళ్ళలా పాకుతూ వచ్చి ఒకచోట కూడి, పైకి లేచాయి. దానికి ముఖం లేదు. ఆకలి మాత్రం ఉంది! గాజు సీసాలు వాటంతటవే చిటపటా చిట్లాయి. ఛాయ వంగి, పొడుగాటి చేతిని కపాలం కంటిగుంటలోకి జొనిపింది. తడిమింది. ఇటు తడిమింది... అటు తడిమింది...

ఏమీ లేదు.

మెల్లగా తల తిప్పింది.

"ఉంది! అందులోనే ఉంది! సరిగ్గా చూడు!" ఒకే అరుపు రెండు నోళ్ళలోంచి వచ్చింది. సగం ముసలివాడి నోట, సగం పిట్ట నోట! అతని మనసు పాత మెదడుని విడిచి, కొత్తదానిలో ఇంకా స్థిరపడక, నట్టనడుమ వేలాడుతోంది. వెనక్కి మళ్ళబోయాడు. ఛాయ అటు నిలబడింది. ముందుకు దూకబోయాడు. ఛాయ ఇటు కూడా నిలబడింది! "నేను కాదు! నేను నీ భక్తుణ్ణి! నిన్ను పిలిచింది నేనే... నేనే..."

"నేనే" అన్న మాట పూర్తి కాకముందే సగానికి తెగిపోయింది.

అంతే! అంత పెద్ద గాలివాన తీగ తెంపినట్టు ఆగిపోయింది. ఎర్రదారం తెగి కపాలం రెండు చెక్కలైంది. నీడలు వేటి కాళ్ళ దగ్గరికి అవి వెళ్ళి పడుకున్నాయి.

పిట్ట శరీరం కుర్చీలోంచి పక్కకి ఒరిగింది. ఊపిరి తీస్తోంది... మెల్లగా... ఇంకా మెల్లగా. అక్క పాకుతూ వెళ్ళి ఒళ్ళోకి లాక్కుంది. చెల్లెలి మనసు ఇంకా తన గుండెల్లోనే ఉంది. వెచ్చగా... దగ్గరగా. ఇన్నేళ్ళలో ఎప్పుడూ లేనంత దగ్గరగా! ఇంక ఎక్కడికీ పోదు. ఏ ఊరూ పోదు. ఎవరూ తీసుకుపోలేరు.

"ఇక్కడే ఉండిపోవే" అంది అక్క తనలో తను. "నేను చూసుకుంటాను. ఎప్పుడూ నేనేగా చూసుకున్నది..."

లోపలినుంచి మాట లేదు. టపటపా... అదే చప్పుడు. ఇందాక కపాలంలో విన్న అదే చప్పుడు!

అక్కకి కొరడాతో కొట్టినట్టయింది. ఒక్కసారి, ఒకే ఒక్కసారి గుండె పగిలేలా ఏడ్చి, చెల్లెలి నుదుటికి తన నుదురు ఆనించింది.

"వెళ్ళవే తల్లీ! నీ ఇంటికి నువ్వెళ్ళు."

తల్లి కడుపు ఖాళీ అయినట్టు ఏదో ఆమెలోంచి వెళ్ళిపోయింది. ఒళ్ళోని అమ్మాయి పెద్దగా ఊపిరి పీల్చింది. కళ్ళు తెరిచింది. అక్కని చూసింది. పెదవులు వంకర తిరిగాయి. భోరుమని ఏడ్చింది... చిన్నపిల్లలా, ముక్కు కారుతూ, వెక్కిళ్ళు పెడుతూ. పన్నెండు రోజుల ఏడుపంతా ఏడ్చింది. ఆ ఏడుపు విని అక్క నవ్వింది.

ప్రొఫెసరు చావలేదు. చక్రాల కుర్చీలో నిటారుగా కూర్చుని, తలలోని నరాల పేర్లు పన్నెండూ వరసగా, ఒక్కటి తప్పకుండా చెబుతున్నాడు. అయిపోగానే మళ్ళీ మొదటినుంచి. అతని కళ్ళలోకి చూస్తే వెనక ఎవరూ లేరు. భార్య వచ్చి అతని గడ్డం కింద కారిన ఉమ్మి తుడిచింది. "ఎనిమిదింటికి భోజనం" అంది. "ఎనిమిదింటికి భోజనం" అన్నాడు అతను. ఆవిడ దీపం తీసుకుని వెళ్ళిపోయింది. ఆవిడ మనసు మాత్రం తిరిగి రాలేదు. ఛాయ తీసుకున్నదేదీ తిరిగి ఇవ్వదు.

ఆ తర్వాత చాలా రోజులు అక్కచెల్లెళ్ళు ఒకరి కళ్ళలోకి ఒకరు చూసుకోలేదు. పిట్ట మళ్ళీ మాట్లాడేది, కానీ కొంచెం ఆగి ఆగి. నెల దాటాక ఒక ఆదివారం బట్టలు మడతపెడుతూ పిట్టే మొదలుపెట్టింది.

"అక్కా... ఆ మందు గ్లాసు..."

అక్క చేతిలో తువ్వాలు జారిపోయింది. "చూశావు కదా."

"చూశాను. నువ్వు ఎంతసేపు నిలబడ్డావో కూడా చూశాను. నీకే తెలీదు, నాకు తెలుసు."

"ఎంతసేపు?"

"చెప్పను." పిట్ట ఒక చొక్కా మడిచి పక్కన పెట్టింది. "కోపం వచ్చింది. చాలా వచ్చింది. ఇప్పుడు కూడా ఉంది. మరి నా సంగతులు నువ్వు చూడలేదా?"

"చూశాను. నా చేతులు కంపు కొడతాయంట కదా."

పిట్ట నవ్వాపుకోలేకపోయింది. అక్కకీ నవ్వొచ్చింది. ఇద్దరూ మడతపెట్టిన బట్టల మీద పడి నవ్వారు. నవ్వు ఆగాక పిట్ట అంది.

"నేను వెళ్తానక్కా. ఆ ఊళ్ళో గది ఇంకా ఖాళీగానే ఉందట."

"వెళ్ళు."

"నిజంగా?"

"ఎన్నిసార్లు అడుగుతావే! మళ్ళీ అడిగితే వద్దంటాను."

బస్సు ఎక్కించడానికి అక్క కూడా వెళ్ళింది. పెట్టె పైకి అందించింది. నీళ్ళసీసా ఇచ్చింది. జాగ్రత్తలు చెప్పబోయి నోరు మూసుకుంది. పిట్ట కిటికీ పక్కన కూర్చుని ఇటు చూసింది. ఆ చూపులో ప్రేమ ఉందో, కోపం ఉందో, విడుదలైన సంతోషం ఉందో... కొన్ని వారాల కిందట ఆ మనసులో ఉన్నదంతా తనలో మోసిన అక్కకి, ఇప్పుడు ఏమీ తెలియలేదు.

బస్సు కదిలింది. మలుపు తిరిగేదాకా చూసి, అక్క డ్యూటీకి టైమవుతోందని గబగబా నడిచింది.